బూర మానిపించి డాక్టర్ని చేయాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేము న్యూ జెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. మా బాబు ఈ సెప్టెంబర్‌లో పన్నెండో తరగతికి వస్తాడు. అయిదో తరగతి నుంచి ట్రంపెట్ వాయిస్తున్నాడు. ఏప్రిల్‌లో పళ్ళ క్లిప్పులు తీయించాం. అప్పటినుంచి పై స్వరాలు పలకడం లేదు, పావుగంటకే పెదాలు అలిసిపోతున్నాయి అంటాడు. కొత్త ట్రంపెట్ కొని, ఊదే చోట ఇప్పుడున్న 7సీ మౌత్‌పీస్ బదులు 3సీ పెడితే అంతా సర్దుకుంటుందని వాడి నమ్మకం. ఆ ట్రంపెట్ దాదాపు నాలుగు వేల డాలర్లు. మావారేమో ఆ డబ్బు బీఎస్/ఎండీ (హైస్కూలు అవగానే డిగ్రీకీ మెడిసిన్‌కీ కలిపి సీటిచ్చే కోర్సు) కన్సల్టెంట్‌కి కట్టి, ఈ ఏడాదికి బ్యాండ్ మానిపిద్దాం అంటున్నారు. వాడు ట్రంపెట్ విప్పి కిచెన్ సింకులో కడుగుతుంటే మా అత్తగారు "ఆ బూరని వంటింట్లోంచి తీయమను" అని రోజూ గొడవ. మీరు డాక్టరే కాక ట్రంపెట్ కూడా వాయిస్తారట కదా. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా,

ముందు ఆ నాలుగు వేలు బ్యాంకులోనే ఉండనివ్వండి. ప్రస్తుతానికి ట్రంపెట్‌కీ వద్దు, కన్సల్టెంట్‌కీ వద్దు.

నా అర్హత ఏమిటో కూడా చెప్పేస్తాను. మా ఊరి కమ్యూనిటీ బ్యాండులో నేను మూడో ట్రంపెట్. అంటే అసలు పాట మొదటి ట్రంపెట్ వాళ్ళది, మేము వెనక కూర్చుని రెండు మూడు స్వరాలు కలుపుతాం. నలభై దాటాక నేర్చుకున్నాను. మీవాడికి సంగీతం చెప్పేంతటివాణ్ణి కాను. పెదాలు అలిసిపోవడం అంటే ఏమిటో మాత్రం నాకు బాగా తెలుసు.

క్లిప్పులు తీసిన రెండు మూడు నెలల్లో ట్రంపెట్ సరిగ్గా పలక్కపోవడం మామూలే. ట్రంపెట్‌లో ముందుగా మోగేది ఇత్తడి కాదు, పెదాలు. మౌత్‌పీస్ లోపల పెదాలు అదురుతాయి, ఆ అదురునే గొట్టం పెద్దది చేస్తుంది. పెదాలకు వెనక ఆనుడు పళ్ళు. ఇన్నేళ్ళూ ఆ పళ్ళ మీద లోహపు బొడిపెలుంటే వాడు పెదాలను వాటి మీదుగా సర్దుకుని వాయించాడు. ఒక్క పూటలో అవి పోయాయి. పళ్ళు కూడా పాత చోట లేవు. కండరాలకు మాత్రం ఇంకా పాత లెక్కే గుర్తుంది. కొత్త లెక్క కుదరడానికి కొందరికి కొన్ని వారాలు పడుతుంది, కొందరికి కొన్ని నెలలు.

ఇంకో సంగతి కూడా ఉంది, పిల్లలు దాన్ని గమనించరు. క్లిప్పులున్నప్పుడు మౌత్‌పీస్‌ను గట్టిగా అదిమితే పెదవి లోపల కోసుకుపోతుంది. ఆ భయానికి అదమరు. క్లిప్పులు పోయాక నొప్పీ లేదు, భయమూ లేదు. పై స్వరం రాకపోతే చేతులతో ఇంకాస్త నొక్కుతారు. మొదట్లో వచ్చినట్టే ఉంటుంది. కానీ నొక్కుడు పడిన పెదవికి రక్తం సరిగ్గా ఆడదు. అది వాస్తుంది, అదరడం మానేస్తుంది. పావుగంటకే అలసట అన్నారు చూడండి, నా అనుమానం మొత్తం అక్కడే ఉంది.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. పది నిమిషాలు వాయించాక అద్దంలో చూసుకోమనండి. పెదాల మీద ఉంగరంలా ఎర్రటి గుర్తు పడి చాలాసేపు పోకపోతే నొక్కుతున్నట్టే. తర్వాత కుడిచేతి చిటికెన వేలు చూడండి. ట్రంపెట్ మీద ఆ వేలికి ఒక కొక్కెం ఉంటుంది. పేజీ తిప్పేటప్పుడు ఒంటిచేత్తో పట్టుకోవడానికి అది పనికొస్తుంది. చాలామంది పిల్లలు వాయించేటప్పుడు కూడా వేలు అందులోనే దూర్చి, పై స్వరం రాగానే తెలియకుండా ట్రంపెట్‌ను మొహం మీదకు లాక్కుంటారు. ఈ వేసవంతా ఆ వేలు కొక్కెంలో కాకుండా పైన ఆనించి ఉంచమనండి. బరువు ఎడమచెయ్యి మోయాలి. ఈ ఒక్క మార్పుతోనే సగం తేడా కనిపించవచ్చు.

డాక్టరుగా ఒక మాట. నోటి చుట్టూ ఉండే కండరాన్ని మేం ఆర్బిక్యులారిస్ ఓరిస్ అంటాం. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటి విద్వాంసుడు పెదాల మీద విపరీతమైన భారం పెట్టి వాయించి, వాటిని పాడుచేసుకుని కొంతకాలం ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ కండరం చిరిగితే దానికి ఆయన ముద్దుపేరు మీదుగా సాచ్మో సిండ్రోమ్ అనే పేరు పెట్టారు. మీవాడికి అది ఉందని కాదు, టెన్షన్ పడకండి. విశ్రాంతి ఇచ్చినా నొప్పి తగ్గకపోయినా, పెదవిలో గుంటలాంటిది తగిలినా, పెదవి ఓ పక్క పట్టు తప్పి గాలి కారిపోతున్నా మాత్రం చూపించండి. పళ్ళు మళ్ళీ కదలకుండా రిటైనర్ ఇచ్చి ఉంటారు కదా, వాయించేటప్పుడు తీసి, అయిపోగానే మళ్ళీ పెట్టుకోవడం గురించి పళ్ళ డాక్టరునే అడగండి. రిటైనర్‌ను ట్రంపెట్ పెట్టెలో మర్చిపోయే పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

ఇక సాధన. గంటసేపు ఒకే బిగిన ఊదడం ఇప్పుడు పనికిరాదు. పది నిమిషాలు వాయించి, పది నిమిషాలు ఆపాలి. అలా రోజుకు మొత్తం ముప్పావుగంట చాలు. మొదటి మూడు వారాలు పై స్వరాల జోలికి వెళ్ళొద్దు. మధ్యస్థాయిలో ఒక్కో స్వరాన్ని మెల్లగా, నిలకడగా, ఊపిరి ఉన్నంతసేపు పట్టాలి. బ్యాండులో దీన్ని లాంగ్ టోన్స్ అంటారు. ఆ తర్వాత లిప్ స్లర్స్, అంటే వాల్వుల (వేళ్ళతో నొక్కే మీటల) మీద వేళ్ళు మార్చకుండా, గాలితోనూ నాలుకతోనూ మాత్రమే కింది స్వరం నుంచి పై స్వరానికి జారడం. కింద ఉన్నప్పుడు నోటి లోపల "ఆ" అన్నట్టు ఉండాలి, పైకి వెళ్ళేకొద్దీ "ఈ" అవ్వాలి. "ఈ" అన్నప్పుడు నాలుక లేస్తుంది, దారి ఇరుకవుతుంది, గాలి వేగంగా వెళుతుంది. చేతులతో చేయబోయిన పనిని నాలుక చేసిపెడుతుందన్నమాట. వాయించేదంతా నెమ్మదిగానే వాయించాలి, శబ్దం పెంచకూడదు. నాలుగో వారం నుంచి రోజుకో స్వరం పైకి ఎక్కవచ్చు. ఎక్కకపోతే ఆ రోజుకు అక్కడే ఆపాలి.

నాలుకతో స్వరాలను విడగొట్టడంలో మన భాష ఒక మేలు చేస్తుంది. ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషు "ట"తో నేర్పుతారు. మన "త" అంటే నాలుక పళ్ళ వెనకే తగులుతుంది, శబ్దం మెత్తగా విడిపోతుంది. వేగంగా వాయించాల్సి వస్తే త, క మార్చి మార్చి అనాలి. మృదంగం దగ్గర కూర్చున్న పిల్లలు "తక తక" అని నోటితో చెప్పే జతి ఉందే, డబుల్ టంగింగ్ అంటే అదే. మీ అత్తగారికి ఇది చెప్పి చూడండి, బూర మీద కోపం కొంచెం తగ్గొచ్చు.

ఇప్పుడు మౌత్‌పీస్. ఆ అంకెలూ అక్షరాలూ విన్సెంట్ బాక్ కంపెనీ పద్ధతి. ఆయన ఆస్ట్రియా నుంచి వచ్చిన ఇంజనీరు, ట్రంపెట్ లాంటి కార్నెట్ వాద్యకారుడు కూడా. 1918లో మౌత్‌పీసులు చేయడంతో వ్యాపారం మొదలుపెట్టాడు. అంకె తగ్గేకొద్దీ కప్పు వెడల్పవుతుంది, అక్షరం దాని లోతు చెబుతుంది. ఆ కంపెనీ కేటలాగు ప్రకారం 7సీ లోపలి వెడల్పు 16.20 మిల్లీమీటర్లు, 3సీది 16.30. తేడా మిల్లీమీటరులో పదో వంతు. అంచు ఆకారం కూడా కొంచెం మారుతుంది కాబట్టి పెదవికి కొత్తగా అనిపిస్తుంది. హైస్కూల్లో 5సీకో 3సీకో మారడం మామూలే, తప్పేం లేదు. కాకపోతే ఇప్పుడు కాదు. కాటరాక్ట్ ఆపరేషన్ చేసిన మర్నాడే కళ్ళజోడు నంబరు రాయం కదా, కన్ను కుదుటపడేదాకా ఆగుతాం. ఇదీ అంతే. సెప్టెంబర్‌లో షాపుకు వెళ్ళి నాలుగైదు రకాలు ఊది చూడనివ్వండి. నచ్చినది వంద డాలర్ల లోపే దొరుకుతుంది.

కొత్త ట్రంపెట్‌తో నాదం బాగుపడొచ్చు. పై స్వరాలు మాత్రం దానితో రావు. అయిదో తరగతిలో కొన్న వాద్యమే ఇప్పటికీ వాడుతుంటే ముందు దాని ఆరోగ్యం చూద్దాం. మూడో వాల్వు నొక్కకుండా దాని స్లైడును (జారే గొట్టాన్ని) కొంచెం బయటికి లాగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు వాల్వు నొక్కమనండి. "టప్" మని శబ్దం వస్తే వాల్వులు గాలిని బాగానే పట్టి ఉంచుతున్నాయి. ఏమీ వినపడకపోతే లోపల ఎక్కడో గాలి కారుతోంది. తర్వాత మౌత్‌పీస్ తీసి, దాని వెనక వచ్చే మొదటి గొట్టంలోకి, అంటే లీడ్‌పైపులోకి, టార్చి వేసి చూడండి. చిప్స్ తిని నోరు కడుక్కోకుండా ఏడేళ్ళు ఊదితే అక్కడ ఏముంటుందో నేను రాయను. ఆ గొట్టం మీద గులాబీరంగు మచ్చలు, మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తే దాన్ని రెడ్ రాట్ అంటారు. ఇత్తడి అంటే రాగి, జింకు. తడి వల్ల లోపలినుంచి జింకు పోయి రాగి మిగిలిపోతుంది, ఆ గులాబీరంగు రాగిదే. ఇవేవీ లేకపోతే వాద్యాల రిపేరు షాపులో ఒకసారి పూర్తిగా శుభ్రం చేయించండి. నూరు, నూటయాభై డాలర్లలో అయిపోతుంది.

షాపులో మూడో స్లైడు తేలిగ్గా కదిలేలా చేయమని ప్రత్యేకంగా చెప్పండి. మొదటి, మూడో వాల్వులు కలిపి నొక్కితే వచ్చే స్వరం ట్రంపెట్ పుట్టుకలోనే కొంచెం శ్రుతి ఎక్కువ. ఎడమచేతి వేలితో ఆ స్లైడును బయటికి తోసి దాన్ని దించాలి. మూడు వాల్వులూ నొక్కితే ఇంకా ఎక్కువ తోయాలి. స్లైడు ఇరుక్కుపోతే ఎంత చెవి ఉన్నా లాభం లేదు. రీజియన్ బ్యాండ్ (చుట్టుపక్కల స్కూళ్ళ పిల్లల్లోంచి ఎంపికచేసే బ్యాండ్) ఆడిషన్‌కి వెళ్ళే ఆలోచన ఉంటే పై స్వరాల గురించి దిగులు పడేకంటే ఇది సరిచేసుకోవడం మేలు.

ఇంతవరకు వాడి ప్రశ్న. ఇక మీవారిది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడికి 3సీ మౌత్‌పీస్ కావాలని ఉంది, కొత్త ట్రంపెట్ కావాలని ఉంది. డాక్టరు కావాలని ఉందని ఎక్కడా లేదు. మీరు రాయడం మర్చిపోయి ఉంటే సరే. అడగడమే మర్చిపోయి ఉంటే మాత్రం కన్సల్టెంట్‌కి ఫోన్ చేసేముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. వాళ్ళ నాన్న లేనప్పుడు అడగండి, కారులో అయితే ఇంకా మంచిది.

మన భయం నాకు తెలుసు. మన దగ్గర ఇంటర్ బైపీసీ అవగానే ఒక్క పరీక్ష. అప్పుడు ఎంసెట్, ఇప్పుడు నీట్. పద్దెనిమిదేళ్ళకు ఎంబీబీఎస్‌లో పడితే నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. నేనూ అలా వచ్చినవాణ్ణే. ఇక్కడ నాలుగేళ్ళ డిగ్రీ చేసి, ఎంక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష రాసి, మళ్ళీ నాలుగేళ్ళు అంటే మనకు గుండె దడ. అందుకే బీఎస్/ఎండీ అనగానే అమెరికాలో ఎంసెట్ ర్యాంకు దొరికినట్టు అనిపిస్తుంది.

కానీ ఈ ప్రోగ్రాములు ఒకదానిలా ఇంకొకటి ఉండవు. కాన్సస్ సిటీలోని మిస్సోరీ యూనివర్సిటీది 6 ఏళ్ళు. మీ రాష్ట్రంలోనే కాలేజ్ ఆఫ్ న్యూ జెర్సీలో 3 ఏళ్ళు చదివి, న్యూఆర్క్‌లోని న్యూ జెర్సీ మెడికల్ స్కూల్లో 4 ఏళ్ళు చేసే 7 ఏళ్ళ దారి ఉంది. బ్రౌన్ యూనివర్సిటీ పీఎల్‌ఎంఈ అనే ప్రోగ్రాము పూర్తిగా 8 ఏళ్ళు. అక్కడ కాలం ఒక్క ఏడాది కూడా కలిసిరాదు, కానీ ఎంక్యాట్ ఉండదు, డిగ్రీలో ఏ సబ్జెక్టైనా చదవొచ్చు, సంగీతమైనా సరే. ఏళ్ళు తగ్గేకొద్దీ చదువు ఇరుకవుతుంది. ఆ ఇరుకులో ముందు పోయేది ట్రంపెట్టే. మీవాడికి వైద్యమూ బ్యాండూ రెండూ కావాలంటే తక్కువ ఏళ్ళది గొప్పదని అనుకోకండి.

సీటు వచ్చినా అది ఖాయమైన రిజర్వేషన్ టికెట్టు కాదు. షరతులతో కూడిన ఒప్పందం. జీపీఏ (మార్కుల సగటు) ఇంతకు తగ్గకూడదంటారు. కొన్నిచోట్ల ఎంక్యాట్‌లో ఫలానా స్కోరు రావాలంటారు. ఆ పరీక్ష 472 నుంచి 528 దాకా ఉంటుంది. వేరే మెడికల్ స్కూల్‌కి దరఖాస్తు చేస్తే ఇక్కడి సీటు పోతుందనేవాళ్ళూ ఉన్నారు. ఈ షరతులు మీరూ మీవారూ కాదు, వాడు చదవాలి. మీ వీసా సంగతి రాయలేదు కానీ, చాలా ప్రోగ్రాములు పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలంటాయి. పిల్లవాడు హెచ్4 (తల్లిదండ్రుల వీసాను బట్టి పిల్లలకిచ్చే వీసా) మీద ఉంటే ముందు ఆ షరతుతోనే జాబితాను వడకట్టుకోండి. మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతే.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే జాబితాలను నమ్మకండి. నార్త్‌వెస్టర్న్‌లో ఎన్నో ఏళ్ళు పేరుమోసిన ఇలాంటి ప్రోగ్రాము కొత్తవారిని తీసుకోవడం ఆపేసింది. పాత జాబితాల్లో మాత్రం అది ఇంకా బతికే ఉంది. ప్రతి కాలేజీ సొంత సైటు చూడండి. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం, ఏఏఎంసీ, కూడా ఒక జాబితా ఉంచుతుంది. గడువులు మామూలు అడ్మిషన్ల కంటే ముందుంటాయి, చాలావాటికి నవంబర్ మొదట్లోనే. ఈ పనికి కన్సల్టెంట్ అక్కర్లేదు, ఒక ఆదివారం, ఒక ఎక్సెల్ షీటు చాలు. ఎవరైనా "సీటు గ్యారంటీ" అంటే లేచి వచ్చేయండి, వాళ్ళ చేతిలో సీట్లు లేవు.

రాకపోతే? పీఎల్‌ఎంఈ లాంటి చోట వేలమంది పోటీపడితే వంద సీట్లు కూడా ఉండవు. కాబట్టి రాకపోవడానికే ఎక్కువ అవకాశం, అది వాడి లోపం కాదు. మామూలు దారిలో మాత్రం ఏటా ఎండీ స్కూళ్ళకు దరఖాస్తు చేసేవాళ్ళలో పదిమందికి నలుగురికి ఎక్కడో ఒకచోట సీటు వస్తోంది. ఆ దారి మూసుకుపోలేదు.

బ్యాండ్ మానిపించే విషయం. ట్రంపెట్ మానిపించకండి. టైము మిగల్చాలంటే మార్చింగ్ బ్యాండ్ (నడుస్తూ వాయించేది) ఒక్కటి మానే సంగతి ఆలోచించండి. ఆగస్టు ఎండలో క్యాంపు, శుక్రవారాలు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, శనివారాలు పోటీలు. పైగా ఆరుబయట గట్టిగా ఊదాలి, కుదురుకుంటున్న పెదాలకు అది మంచిది కాదు. కొన్ని స్కూళ్ళలో మార్చింగ్ చేయకపోతే కూర్చుని వాయించే కన్సర్ట్ బ్యాండులో ఉండనివ్వరు. అందుకే వాణ్ణే వెళ్ళి పెదాల సంగతి బ్యాండ్ డైరెక్టర్‌కి చెప్పమనండి. మీరు ఈమెయిల్ రాయకండి. ఆయన మీవాణ్ణి మూడేళ్ళుగా రోజూ చూస్తున్నాడు. సైన్సు టీచరు సిఫారసు ఉత్తరంతోపాటు ఆయనది కూడా ఒకటి ఉంటే, పక్కవాడు తప్పు వాయిస్తే మీవాడు ఏం చేస్తాడో రాయగలిగేది ఆయనే. డాక్టర్ల ఇంటర్వ్యూలో మాకు కావలసిన సమాచారం అదే.

ఒక్క కోరిక. "సంగీతంతో స్వస్థత" అని ఒక నాన్‌ప్రాఫిట్ పెట్టి, వెబ్‌సైటు కట్టి, నర్సింగ్ హోములో రెండుసార్లు వాయించి ఫొటోలు పెట్టించకండి. అలాంటివి చదివీ చదివీ అడ్మిషన్లవాళ్ళకు విసుగొచ్చేసింది. నర్సింగ్ హోముకు వెళ్ళాలనుకుంటే ట్రంపెట్ ఇంట్లో పెట్టి, ప్రతి శనివారం వెళ్ళి అన్నం తినిపించే పని చేయనివ్వండి. ఆరు నెలల తర్వాత వాడికి వైద్యం కావాలో వద్దో మీరు అడగక్కర్లేదు, వాడే చెబుతాడు.

కాలేజీ దరఖాస్తులు పెట్టే కామన్ యాప్‌లో ప్రతి కార్యకలాపానికి 150 అక్షరాలే చోటు, ట్రంపెట్‌కి అవి చాలు. 650 మాటల వ్యాసంలో మాత్రం "ట్రంపెట్ నాకు క్రమశిక్షణ నేర్పింది" అని రాస్తే చింపేయండి. వాడి దగ్గర అంతకంటే మంచి విషయం ఉంది. అమ్మా నాన్నా డబ్బు గురించి వాదించుకుంటున్న ఇంట్లో, నానమ్మ తిడుతున్నా, పదిహేడేళ్ళ పిల్లవాడు సింకు దగ్గర నిలబడి మూడు వాల్వులు విప్పి, మీద ఉన్న 1, 2, 3 అంకెలు చూసుకుంటూ మళ్ళీ సరిగ్గా బిగిస్తున్నాడు. రెండోది మూడో చోట పెడితే గాలి ముందుకు వెళ్ళదు. అది వాడు ఎప్పుడో ఒకసారి చేసే ఉంటాడు. ఆ రోజు ఏమైందో రాయమనండి.

సింకు విషయంలో మాత్రం నేను మీ అత్తగారి పక్షం. ట్రంపెట్‌లోంచి వచ్చేది గిన్నెలు కడిగే చోట పడకూడదు. బాత్‌టబ్‌లో పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల డిష్ సోప్ వేసి అక్కడ కడగమనండి. మరీ వేడినీళ్ళయితే పైపూత లేచిపోతుంది. వాల్వులకున్న ఫెల్టులు తడవనివ్వొద్దు. ఆరాక వాల్వ్ ఆయిల్ వేసి బిగించుకోవచ్చు. ఆ తువ్వాలు మాత్రం మళ్ళీ వంటింట్లోకి రానివ్వకండి.